ఆ స్క్రూ ఏ కంపెనీదో కాగితం మీద రాసివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ఒక పెద్దాయన ప్రశ్న చదివాను. కింది కట్టుడు పళ్లు నిలవడం లేదు, ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో బిగించే స్క్రూలు, వేయించుకోవచ్చా అని అడిగారాయన. డాక్టరు గారు బాగానే జవాబిచ్చారు. ఎముక సరిపడా ఉందా, షుగర్ అదుపులో ఉందా, సిగరెట్ అలవాటుందా, అన్నీ చూడాలన్నారు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. పని అయ్యాక ఏ కాగితాలు అడిగి తీసుకోవాలో. ఆ ఒక్క ముక్క కోసమే ఈ ఉత్తరం. పొడుగైంది, తెలుసు. కత్తిరించక తప్పకపోతే మా ఆఫీసు సంగతులు కత్తిరించండి గానీ మా నాన్న సంగతి ఉంచండి.

నేను హైదరాబాదులో డెంటల్ బిల్లింగ్ చేస్తాను, అంటే పళ్ల డాక్టర్ల తరఫున ఇన్సూరెన్సు కంపెనీలకి బిల్లులు పంపి డబ్బు రాబట్టే పని. పదకొండేళ్లయింది. ఇక్కడి డాక్టర్లకి కాదు, అమెరికా డాక్టర్లకి. సాయంత్రం ఆరున్నరకి లాగిన్, తెల్లవారుజామున మూడున్నరకి లాగౌట్. నవంబరులో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పితే మా క్యాబ్ కూడా గంట ఆలస్యంగా వస్తుంది, మార్చిలో మళ్లీ మామూలే. నా పెళ్లిచూపుల్లో మా అమ్మ "అమ్మాయి అమెరికా వాళ్ల పళ్ల లెక్కలు చూస్తుందండీ" అంటే అవతలివాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, నా ఉద్యోగం గురించి అంతకంటే బాగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ లెక్కల్లో నన్ను ఎక్కువగా ఏడిపించేది కింది ఓవర్‌డెంచర్. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్తాను. పళ్లన్నీ పోయాక పెట్టే మామూలు సెట్టు చిగురు మీద ఊరికే కూర్చుంటుంది. పైసెట్టు అంగిలంతా కప్పుతుంది కాబట్టి తడికి అతుక్కుని ఉంటుంది. కిందిదానికి ఆ ఆధారం లేదు. గుర్రపు నాడాలాంటి సన్నటి పట్టీ, మధ్యలో ఒక్క క్షణం ఊరుకోని నాలుక. పైగా పళ్లు పోయిన దవడ ఎముక ఏటేటా అరుగుతుంది. ముందు భాగంలో పైదవడ కంటే కిందిది దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ అరుగుతుందని పాతికేళ్లు కొలతలు తీసి మరీ 1972లోనే తేల్చారు. అందుకని కోరపళ్లు ఉండే చోట అటొకటి ఇటొకటి రెండు టైటానియం స్క్రూలు ఎముకలో బిగించి, సుమారు మూడు నెలలు ఆగి, వాటి మీద సెట్టుని జాకెట్టు టిచ్ బటన్‌లాగా టక్కున కూర్చునేట్టు చేస్తారు. రాత్రి తీసి కడిగి పెట్టుకోవచ్చు. 2002లో కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీలో సమావేశమైన నిపుణులు, పళ్లు పూర్తిగా పోయిన కింది దవడకి ఈ రెండు స్క్రూల సెట్టునే ముందుగా ఆలోచించాలి అన్నారు. ఈ వాక్యం ఇన్సూరెన్సు వాళ్లకి నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. వాళ్లు ఎన్నిసార్లు పట్టించుకోలేదో దానికీ లెక్కలేదు.

అమెరికాలో ఈ పనిలో ప్రతి ముక్కకీ ఒక నంబరుంది. అక్కడి డెంటల్ అసోసియేషన్ ఇచ్చే నంబర్లు, ఏటా జనవరి 1కి మార్పులతో కొత్త పుస్తకం వస్తుంది. స్క్రూ ఎముకలో పెడితే డి6010. రెండు పెడితే రెండుసార్లు రాయాలి, ఏ పన్ను చోటో చెప్పాలి. వాళ్ల లెక్కలో కింది కోరలు 22, 27. స్క్రూ తల మీద బిగించే బటన్‌కి డి6191, సెట్టు లోపల అతికించే రెండో సగానికి డి6192. ఈ రెండూ 2021లో వచ్చాయి, అంతకుముందు వాటిని ఎక్కడ రాయాలన్నది ఒక్కో ఆఫీసులో ఒక్కోలా ఉండేది. సెట్టుకి డి6111. కొన్నాళ్లకి లోపలి నైలాన్ క్యాప్ అరిగితే, దాన్ని మార్చినందుకు డి6091. ఆఖరికి ఆ గోరంత క్యాప్‌కి కూడా ఒక నంబరు ఉందన్నమాట. ఈ క్యాప్‌ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఒక క్లెయిమ్ సంగతి చెప్తాను. పేషెంట్ వివరాలు బయటపెట్టడం మాకు నిషేధం, డెబ్బై దాటిన పెద్దాయన అని మాత్రం అనుకోండి. అక్కడి క్లినిక్‌లో ఫ్రంట్ డెస్కు వాళ్లు డి6111కి బదులు డి5865 కొట్టారు. రెండూ కింది ఓవర్‌డెంచర్లే. కాకపోతే డి5865 అనేది మనిషి సొంత పళ్ల వేర్లు ఒకటో రెండో ఉంచి, వాటి మీద కూర్చోబెట్టే సెట్టుకి వాడేది. అదే ఫారంలో పోయిన పళ్ల మీద ఇంటూ మార్కు పెట్టే చోటు ఒకటుంటుంది. అక్కడ కింది పదహారు పళ్లకీ ఇంటూలు పెట్టి ఉన్నాయి. ఒకే కాగితం ఒకచోట వేర్లు ఉన్నాయంటోంది, ఇంకోచోట ఒక్క పన్నూ లేదంటోంది. తిరిగొచ్చింది. సరిచేసి పంపాం. ఈసారి పాత సెట్టు ఎప్పుడు పెట్టించారో తేదీ లేదని తిరిగొచ్చింది. ఒక సెట్టు పెట్టించాక ఐదేళ్లో ఏడేళ్లో గడవందే ఇంకోదానికి డబ్బివ్వకపోవడం అక్కడ చాలా ప్లాన్లలో ఉన్న షరతే. ఆ తేదీ కోసం పెద్దాయన కూతురు వేరే రాష్ట్రంలో ఉన్న పాత డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన ఆఫీసు వాళ్లు పాత రికార్డు తీసి తేదీ చెప్పారు. మూడోసారి పంపితే, మామూలు సెట్టుకి ఎంత ఇస్తారో అంత మాత్రమే ఇచ్చారు. చవకలో అయ్యే వైద్యం ఇంకోటి ఉంది కదా, దాని లెక్క ప్రకారమే ఇస్తాం అంటారు. స్క్రూలకి సున్నా.

కాబట్టి అమెరికా పద్ధతిని పొగడటానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అక్కడ పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా, మామూలు మెడికేర్‌లో కట్టుడు పళ్లకి ఒక్క డాలరు రాదు. ప్రైవేటు డెంటల్ ప్లాన్లలో చాలావాటికి ఏడాదికి వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల దాకానే పరిమితి. మేం పెట్టే ఎక్స్‌రేలు, ఫొటోలు, నెరేటివ్ అని రాసే వ్యాసాలు, ఇదంతా ఆ కాస్త డబ్బు రాబట్టడానికి. కానీ ఈ తిరుగుళ్లలో ఎవరూ కోరకుండానే ఒక మేలు జరుగుతోంది. ఆ పెద్దాయన నోట్లో ఏముందో ఫైల్లో ఉంటుంది. ఏ రోజు ఏ స్క్రూ, ఎంత పొడుగు, ఎంత లావు, ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరెంత, బటన్ ఎత్తెంత, క్యాప్ ఏ రంగుది. ఆయన రేపు ఊరు మారి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆ డాక్టరు ఒక్క ఫోన్‌తో తెలుసుకుంటాడు. పాత సెట్టు తేదీ దొరికినట్టే ఇదీ దొరుకుతుంది.

ఇక మా నాన్న.

నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రేపల్లె డిపో. నేను పని చేసే లెక్కల కంటే ఆయన చేసిన లెక్కలే కష్టం అని నాకెప్పుడూ అనిపిస్తుంది. మిషన్లు రాకముందు ఎస్సార్ కాగితం మీద స్టేజీ స్టేజీకి ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా టికెట్లు తెగాయో రాయాలి, అదీ నిండిన బస్సులో, ఒక చేత్తో రాడ్ పట్టుకుని. మధ్యలో చెకింగ్ వాళ్లు ఎక్కితే చేతిలో డబ్బూ, ఎస్సార్‌లో అంకెలూ, జనం దగ్గర టికెట్లూ మూడూ కలవాలి. ఆయన చేతిరాత ఇప్పటికీ ఆ గళ్లలో పట్టేంత చిన్నగానే ఉంటుంది.

పైపళ్లూ కిందిపళ్లూ అరవై నాలుగో ఏటికి మొత్తం పోయాయి. మామూలు సెట్టు చేయించాం. పైది బాగానే ఉండేది. కిందిది మాట్లాడుతుంటే లేచేది. ఇంటికి ఎవరన్నా వస్తే తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. అన్నం మెత్తగా కలిపించుకుని, ఆవకాయలో ఊట మాత్రం వేసుకుని, ముక్కని పక్కకి నెట్టేసేవారు. మా ఇంట్లో ఆవకాయ ముక్కని పక్కన పెట్టడం అంటే మామూలు విషయం కాదు. మా అమ్మ దాన్ని తన మీద కోపం అనుకుంది కొన్నాళ్లు.

నేను ఆఫీసులో "బాగా అరిగిపోయిన కింది దవడ" అని ఇంగ్లీషులో వారానికి పదిసార్లు టైపు చేస్తాను. ఆ మాటకి అర్థం తెలుసనే అనుకున్నాను. ఒక సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నాన్న పెరట్లో సెట్టు కడుక్కుంటూ నోరు తెరిచారు. కింది చిగురు కత్తి అంచులా ఉంది. ముందు భాగంలో అది కూడా లేదు, నోటి అడుగూ చిగురూ ఒకే ఎత్తులో కలిసిపోయాయి. గడ్డం ముక్కుకి దగ్గరగా వచ్చేసింది. నేను అన్నేళ్లు టైపు చేసింది ఇదా అనుకున్నాను. ఆ వారంలోనే ఇంప్లాంట్ల మాట ఎత్తింది నేనే.

మా ఊళ్లో ఇంప్లాంట్లు వేసే డాక్టరు లేరు. దగ్గర పట్నంలో ఒక క్లినిక్‌కి వెళ్లాం. పేరు రాయను, వాళ్ల మీద ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. పని మాత్రం నిజంగా చక్కగా చేశారు. అక్కడి డాక్టరమ్మ సెట్టు చేస్తే, స్క్రూలు పెట్టడానికి వేరే ఊరి నుంచి ఒక సర్జన్ ఆదివారాలు వచ్చేవారు. చిన్న పట్నాల్లో ఇప్పుడు చాలాచోట్ల ఇంతే. ఆయన తన కిట్ తనే తెచ్చుకుంటారు, పని అయ్యాక తనే పట్టుకుపోతారు. మొత్తం 95 వేలు అయింది. రిసెప్షన్‌లో అమ్మాయి "అంకుల్, క్యాష్ అయితే ఐదు వేలు తగ్గిస్తారంట" అంది. నాన్న తన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసిన డబ్బు, కొత్త నోట్లు, లెక్కపెట్టి ఇచ్చారు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. వాట్సాప్‌లో బిల్లు ఫొటో పెట్టమన్నాను. వచ్చింది. మందులు రాసే చిట్టీ మీద, పెన్నుతో, ఇంగ్లీషులో: "లోయర్ సెట్, ఇంప్లాంట్ టైప్, 90,000, పెయిడ్." కింద ఒక గీత, అది సంతకమట.

నేను ఫోన్ చేసి వివరంగా బిల్లు కావాలండీ అన్నాను. "ఎవరికి చూపిస్తారు మేడమ్, ఇక్కడ ఇన్సూరెన్సు ఇవ్వరు కదా" అన్నారు. నిజమే, ఇవ్వరు. మన దగ్గర మామూలు హెల్త్ పాలసీల్లో యాక్సిడెంట్ అయితే తప్ప పళ్ల పని పడదు. ఇంకా అడిగితే "బిల్లు అంటే టాక్స్ పడుతుంది మేడమ్, మీకే ఎక్కువవుతుంది" అన్నారు. ఇది మాత్రం నిజం కాదు. డాక్టరు చేసే వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉంది, అందం కోసం చేయించుకునే కాస్మెటిక్ సర్జరీలాంటివి తప్ప. అన్నం తినడానికి పెట్టించుకున్న పళ్లు అందం కిందికి రావు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. అమెరికా వాళ్ల క్లెయిమ్‌లో ఒక తేదీ లేకపోతే నేను రాత్రంతా వెంటపడతాను. మా నాన్న చిట్టీ విషయంలో రెండు ఫోన్లు చేసి వదిలేశాను. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు, హెల్త్ పాలసీ లేని అరవై దాటిన తల్లిదండ్రుల వైద్యానికి పెట్టిన ఖర్చులో 50 వేల దాకా ఆదాయపు పన్నులో మినహాయింపుగా చూపించుకోవచ్చు. నేను పాత విధానంలోనే ఉన్నాను, నాన్నకి పాలసీ లేదు. కానీ నగదుగా కట్టిందానికి ఆ మినహాయింపు వర్తించదు. నేను ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే, ఐదు వేల తగ్గింపు కంటే నాకు మిగిలేదే ఎక్కువ. ఆ లెక్క నాకు మార్చిలో గుర్తొచ్చింది.

అయినా డబ్బు సంగతి వదిలేయండి. నాన్న ఆవకాయ ముక్క తిన్నారు. ఉగాదికి గారెలు తిన్నారు. వేరుశనక్కాయలు ఒలుచుకుని ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ టీవీ చూశారు. పధ్నాలుగు నెలలు అలా గడిచాయి.

తర్వాత కుడివైపు సెట్టు లేవడం మొదలైంది. నాకు వినగానే తెలిసిపోయింది, నైలాన్ క్యాప్ అరిగింది. అది అరిగే వస్తువే, సైకిల్ బ్రేకు రబ్బరులాగా. మార్చడం పదినిమిషాల పని. క్లినిక్‌కి ఫోన్ చేస్తే డాక్టరమ్మ వేరే ఊరికి మారిపోయారు, కొత్తవాళ్లు తీసుకున్నారు. ఆదివారం సర్జన్ "ఇప్పుడు రావట్లేదండీ." పాత పేషెంట్ల ఫైలు? "అవి మాకు ఇవ్వలేదండీ."

సరే అని నాన్నని తెనాలిలో ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దాయన, ఓపికమంతులు. సెట్టు తిప్పి చూసి, నోట్లో అద్దం పెట్టి చూసి, అడిగిన మొదటి ప్రశ్న:

"ఏ కంపెనీదండీ ఇది?"

నాన్న నా వైపు చూశారు. నేను ఆ చిట్టీ చూపించాను. ఆయన నవ్వలేదు. "ఇంప్లాంట్ టైప్" అన్నది పైకి చదివి మడిచి ఇచ్చేశారు.

విషయం ఏమిటంటే, ఈ బటన్లు చూడటానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. కానీ ఒక కంపెనీ క్యాప్ ఇంకో కంపెనీ బటన్ మీద అన్నిసార్లూ సరిగ్గా కూర్చోదు. కూర్చున్నట్టే ఉంటుంది, పట్టు ఉండదు. బలవంతంగా నొక్కితే బటనే అరుగుతుంది, అప్పుడు అదీ మార్చాలి. ఆయన ఎక్స్‌రే తీశారు. తెర మీద స్క్రూ మరల వంపు, అడుగు కొన ఆకారం చూసి "ఇదై ఉండొచ్చు, లేకపోతే ఇది" అని రెండు పేర్లు చెప్పారు. ఒకదాని క్యాప్ తెప్పించారు. పట్టలేదు. రెండోది తెప్పించడానికి పది రోజులు. అదీ వదులే. ఈలోపు నాన్న మళ్లీ సెట్టు తీసి జేబులో వేసుకోవడం మొదలుపెట్టారు. రంగు గురించి అడిగితే ఆయనకి బాగా గుర్తుంది, గులాబీ. బాగా వాడకంలో ఉన్న ఒక రకంలో నీలం వదులు, గులాబీ మధ్యస్తం, తెల్లది గట్టి పట్టు. కానీ రంగు పట్టుని చెప్తుంది, కంపెనీని చెప్పదు కదా.

చివరికి ఆ ఆదివారం సర్జన్ నంబరు, మందుల షాపు ఆయన ద్వారా సంపాదించాను. మర్యాదగా మాట్లాడారు. "మీ నాన్నగారు కండక్టరు కదమ్మా, గుర్తున్నారు" అన్నారు. ఆ ఏడాది తను వాడిన కంపెనీ పేరు చెప్పారు. తెనాలి డాక్టరు గారు అనుకున్న రెండు పేర్లలోనూ అది లేదు. సైజు, లాట్ నంబరు అడిగితే "డబ్బాలు పారేస్తామమ్మా, రాసుకోను" అన్నారు. పేరు దొరికింది, అదే పదివేలు. క్యాప్ వచ్చింది, కూర్చుంది. టక్ మని చప్పుడైతే నాన్న కళ్లు మూసుకున్నారు.

రెండు క్యాపుల ఖరీదు రెండు వేలు కూడా కాలేదు. పేరు తెలుసుకోవడానికి పట్టింది ఐదు వారాలు, నాలుగు ప్రయాణాలు, ఒక ఎక్స్‌రే, పనికిరాని రెండు జతల క్యాపులు.

తిరిగి వస్తూ బస్సులో నాన్న అన్న మాట: "అమ్మాయ్, డబ్బు పుచ్చుకుని టికెట్ ఇవ్వకపోతే మాకు ఉద్యోగాలు ఊడేవి. రెండు రూపాయల టికెట్టుకి సస్పెండ్ అయినవాళ్లు నాకు తెలుసు. తొంభై వేలు పుచ్చుకుని చిట్టీ ఇస్తారా వీళ్లు?" ఎదురు సీటులో కండక్టరు, ఇరవై ఐదేళ్లుంటాయేమో, వెనక్కి తిరిగి చూశాడు.

ఇప్పుడు నేను అడిగేది చిన్న విషయం. స్క్రూ వచ్చే డబ్బా మీద పీకి అంటించుకునే స్టిక్కర్లు మామూలుగా ఉంటాయి. కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు, గడువు తేదీ, అన్నీ దాని మీదే. అవి పెట్టేదే రికార్డులో అంటించడానికి. ఒకటి డాక్టరు దగ్గర, ఒకటి పేషెంట్ దగ్గర ఉండొచ్చు. దీనికి అయ్యే ఖర్చు ఏమీ లేదు.

ఇది మనకి తెలియని పద్ధతి కూడా కాదు. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకి కేంద్రం ధర నిర్ణయించినప్పుడు, ఆసుపత్రి బిల్లులో స్టెంట్ ధర విడిగా చూపాలి, బ్రాండు పేరు, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, బ్యాచ్ నంబరు రాయాలి అని ధరల నియంత్రణ సంస్థ ఆదేశించింది. మా బాబాయికి స్టెంట్ వేసినప్పుడు డిశ్చార్జ్ కాగితం మీద స్టిక్కర్ అంటించి ఇచ్చారు. ఆయన దాన్ని లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకుని తిరుగుతారు, అడిగినా అడగకపోయినా చూపిస్తారు. గుండెలో పెట్టినదానికి ఉన్న నియమం దవడలో పెట్టినదానికి ఎందుకు ఉండకూడదు? ధర నిర్ణయించమని నేను అడగడం లేదు. ఏది పెట్టారో బిల్లులో రాయమంటున్నాను. స్క్రూ ఇంత, బటన్ ఇంత, సెట్టు ఇంత, ల్యాబ్ ఇంత, క్యాప్ మారిస్తే ఇంత అని విడివిడిగా. అమెరికా నంబర్లు ఏవీ అక్కర్లేదు. తెలుగులో రాసినా చాలు.

డాక్టర్ల వైపు మాట కూడా నాకు తెలుసు, పదకొండేళ్లుగా వాళ్ల పక్షానే పని చేస్తున్నాను కదా. చిన్న క్లినిక్‌లో డాక్టరు, ఒక అసిస్టెంటు, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి. రోజుకి ముప్పై మంది వస్తే రాసే తీరిక ఎక్కడిది అంటారు. అంశాలవారీగా రాస్తే ప్రతిదానికీ బేరం ఆడతారు అనేది ఇంకో భయం. అదీ అబద్ధం కాదు, మా నాన్నే ఆడేవారు. కానీ ఫోన్‌తో ఆ స్టిక్కర్ ఫొటో తీసి పేషెంట్‌కి వాట్సాప్ చేయడానికి అరనిమిషం చాలు. వేరే ఊరి నుంచి వచ్చే సర్జన్లని పిలిచే క్లినిక్కులైతే, ఆయన కిట్ సర్దుకుని వెళ్లకముందే ఆ స్టిక్కర్ తీసి తమ ఫైల్లో పెట్టుకోవాలి. ఆయన రేపు రాకపోవచ్చు.

బిల్లు ఇవ్వమంటే వినకపోతే, అదేదో బతిమాలుకోవలసిన విషయం కాదని చదివేవాళ్లకి చెప్పాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 చట్టంలో, ఇచ్చిన సేవకి బిల్లుగానీ రసీదుగానీ ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చారు. హెల్ప్‌లైన్ నంబరు 1915. నేను ఫోన్ చేయలేదు. సెట్టు బాగా చేశారన్న మొహమాటం. ఇది చదివి ఎవరైనా చేస్తే సంతోషిస్తాను.

నాన్న మాత్రం తన పద్ధతిలో తను సర్దుకున్నారు. పాత డైరీ ఒకటి తీసి, స్కేలు పెట్టి గళ్లు గీశారు. తేదీ, ఊరు, డాక్టరు, చేసిన పని, కంపెనీ, రంగు, రూపాయలు. మొదటి వరసలో కంపెనీ గడిలో పేరు రాశారు, సైజు గడి ఖాళీగా ఉంచి పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టారు. రెండో వరసలో "తెనాలి, క్యాపులు 2, గులాబీ" అని ఉంది. పోయినసారి వెళ్లినప్పుడు చూశాను, మూడో వరసలో మా అమ్మ కళ్లజోడు నంబరు ఎక్కింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాదు
(పేరు వేయవద్దని మనవి. మా ఆఫీసులో మీ పత్రికే తెప్పిస్తారు.)

తా.క.: ఆ ప్రశ్న అడిగిన పెద్దాయన చిరునామా మీ దగ్గర ఉంటే, స్క్రూలు పెట్టే రోజు వెంట ఒకరిని తీసుకెళ్లమని చెప్పండి. ఆయన నోరు తెరుచుకుని ఉంటారు కాబట్టి అడగలేరు. పక్కనున్నవాళ్లు ఖాళీ డబ్బా చెత్తబుట్టలో పడకముందే అడిగి తీసుకోవాలి.